ముక్కు చెప్పనిది

నన్నందరూ గ్యాస్ మీటరు అంటారు. అరచేతిలో ఇమిడిపోతాను. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అది 19.5కి దిగితే అరుస్తాను. విషవాయువులు, మండే వాయువులు తగిలినా అరుస్తాను.

నాకు ముందు ఈ పని లాంతరు చేసేది. పాడుబడ్డ బావిలో పూడిక తీయాలంటే ముందు తాడుకి కట్టి దీపం దించేవాళ్లు. అది ఆరితే ఎవరూ దిగేవాళ్లు కాదు. ఆ దీపమంటే నాకు గౌరవం. కానీ దానికి విషవాయువు తెలియదు, మీథేన్ ఉన్నచోట దీపమే ప్రమాదం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. నీళ్లు తీశాక, ఒక అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకు బురదతో పూడిపోయిందని మేస్త్రీని పిలిచారు. మూత జరపగానే కుళ్లిన కోడిగుడ్ల కంపు. మేస్త్రీ వెంట వచ్చిన కుర్రాడు వెదురుగడతో బురద కెలికాడు. కాసేపటికి, "కంపు పోయింది బాబాయ్, దిగుతా" అంటూ చెప్పులు విప్పాడు.

నాకు భయం ఆ మాటంటేనే. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెమే ఉన్నా ముక్కు మెల్లగా మొద్దుబారుతుంది. పదిలక్షల్లో వంద భాగాలకి చేరితే వాసనే తెలియదు. గ్యాసు మాత్రం అక్కడే ఉంటుంది, గాలికన్నా బరువు కనుక అడుగున.

"ఆగరా" అన్నాడు మేస్త్రీ. నాకు గొట్టం తగిలించి దాని కొసని లోపలికి దించాడు, కింది గాలి నాదాకా వచ్చేవరకూ ప్రతి అంచెలో ఆగుతూ. ఆక్సిజన్ పైన 20.4. నడుమ 17, అక్కడే అరవడం మొదలెట్టాను. బురదకి జానెడు ఎత్తులో 11.8, పక్క గడిలో విషం 160. ఎర్రగా వెలిగి, ఒళ్లంతా వణుకుతూ అరుస్తూనే ఉన్నాను.

"రెండు నిమిషాల పనేగా?" అన్నారు మెట్ల మీదనుంచి ఎవరో.

అలా దిగితే ఏమవుతుందో నాకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో కాకినాడ జిల్లా రాగంపేటలో నూనె ట్యాంకులో ఏడుగురు పోయారు, ఒకరి వెనక ఒకరు దిగి. కళ్లముందు తోటివాడు కూలిపోతే పైవాడు ఎలా ఆగుతాడు? మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలివ్వాలని అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు అందేసరికి ఆ ఇంటి మనిషే ఉండడు. నన్ను వాడాల్సింది అంతకు ముందే.

చాలాచోట్ల నన్ను కొని బీరువాలో దాచేస్తారు. నా సెన్సార్లకీ ఆయుష్షుంటుంది. తెలిసిన గ్యాసు చూపించి నన్ను పరీక్షించకపోతే నేనూ తప్పు చెప్పగలను. మేస్త్రీ ఆ పొద్దున నన్ను పరీక్షించాకే సంచిలో వేసుకున్నాడు.

ఫోను తీసి సక్షన్ ట్యాంకరుకి చెప్పాడు. కుర్రాడు చెప్పులు తొడుక్కుని, మూతకి దూరంగా, గాలి వచ్చేవైపు నిలబడ్డాడు. గొట్టం పైకి లాగి చుట్టారు. నా తెరమీద అంకె మెల్లగా ఎక్కుతోంది. 19. 20. 20.9.