మూడు కాళ్ల కుందేలు

మా రోజుల్లో ఆడేవాడు ఆడేవాడు, రాసేవాడు రాసేవాడు. ఇప్పుడు ఆడినవాడే రాస్తున్నాడు, అదీ పక్కవాడి చేత్తో.

పోయిన వారం ఐర్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు రాయ్ కీన్ ఆత్మకథను మా మనవడు తెచ్చి నా ఒళ్లో పడేశాడు. వాడి చొక్కా వీపు మీద ఎర్లింగ్ హాలండ్ పేరు. ఆ హాలండ్ తండ్రి మోకాలి మీద బూటు దింపింది ఈ కీనే! ఈ కాలం పిల్లల అభిమానాలకు ఒక వరసా వావీ లేదు.

కథేమిటంటే, 1997లో లీడ్స్ మైదానంలో పెద్ద హాలండ్‌ను పడగొట్టబోయి కీన్ తన మోకాలి లిగమెంటే తెంపుకున్నాడు. కింద పడ్డవాణ్ని చూసి హాలండ్ నటన అనుకుని కసిరాడు. కీన్ దాన్ని నాలుగేళ్లు కడుపులో దాచుకున్నాడు. 2001 ఏప్రిల్‌లో మాంచెస్టర్ డెర్బీలో దొరకబుచ్చుకుని తన్నాడు, ఎర్ర కార్డు తిన్నాడు. ఊరుకుంటే అక్కడితో పోయేది. ఊరుకుంటే పుస్తకాలు అమ్ముడుపోవుగా! 2002లో వచ్చిన పుస్తకంలో అది కావాలనే చేసినట్టు కనిపించింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 5 మ్యాచ్‌ల నిషేధం, 1,50,000 పౌండ్ల జరిమానా వేసింది. విచారణలో, ఆ పుస్తకం రాసిపెట్టిన ఈమన్ డన్ఫీ అక్కడి మాటల్లో తన చెయ్యి ఉందని ఒప్పుకున్నాడు. మరి పేజీ పేజీకీ ‘నేను, నేను’ అంటున్నది ఎవరయ్యా?

అసలు రుచి సైపాన్ ఘట్టంలో ఉంది. 2002 ప్రపంచ కప్పుకు ముందు ఐర్లండ్ జట్టు ఆ దీవిలో దిగింది. మైదానం బండలా ఉంది, సామాను వేళకు రాలేదు. కెప్టెన్ కీన్‌కూ మేనేజర్ మెకార్తీకీ మాటామాటా పెరిగి, కీన్ ఇంటికొచ్చేశాడు. కీన్ చెబుతుంటే మిగతా అందరూ విహారయాత్రకు వచ్చినవాళ్లే, పని కోసం వచ్చింది తనొక్కడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కానీ ఒకటి చెప్పాలి, బండలాంటి మైదానం గురించి అతను అబద్ధం ఆడలేదు. మెకార్తీ కూడా ఆ ఏడే తన డైరీ అచ్చేశాడు. 2013లో కీన్ గురువు ఫెర్గూసన్ తన పుస్తకంలో అతని నోటి దురుసును ఉతికాడు, 2014లో కీన్ ఇంకో పుస్తకంతో ఆరేశాడు. ఈసారి రాసిపెట్టింది బుకర్ బహుమతి అందుకున్న రాడీ డోయల్. మా రోజుల్లో ఇలాంటి తగవులు వీధి కుళాయి దగ్గర బిందెల చప్పుడులో తేలిపోయేవి. ఇప్పుడు గట్టి అట్ట వేసుకుని వస్తున్నాయి.

అదే మా హైదరాబాద్ రహీమ్ సాబ్‌ను చూడండి. బడిపంతులు, మన ఫుట్‌బాల్ జట్టు కోచ్. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికి చేర్చారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. ఫైనల్లో, తల మీద గాయానికి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్‌లోంచి తీసి ముందువరసలో ఆడించారు. అతను గోల్ కొట్టాడు! దక్షిణ కొరియా మీద 2-1. మరుసటేడే క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. తన డప్పు తాను కొట్టుకునే తీరిక ఎక్కడిది ఆయనకు?

ఇదంతా ఆవేశంగా చెబుతుంటే మనవడు అడ్డొచ్చాడు.

“నువ్వు చూశావా తాతా?”

“అప్పటికి నాకు పన్నెండేళ్లు. మా నాన్న చెప్పారు.”

“ఆయన జకార్తా వెళ్లారా?”

“రహీమ్ సాబ్ బళ్లో చదువుకున్నవాడు మా నాన్నకు ప్రాణస్నేహితుడు.”

“అంటే పక్షపాతమే కదా?”

“పక్షపాతం కాదురా, భక్తి!”

వాడు పళ్లికిలించి ఫోన్లోకి వెళ్లిపోయాడు.

పుస్తకం అర్ధరాత్రి దాటాక రెండింటికి అయిపోయింది. పొద్దున్నే మెకార్తీ డైరీ కూడా తెప్పించమన్నాను. ఈసారైనా అక్షరాలు కాస్త పెద్దవి ఉన్న ప్రతి చూడమని మరీ మరీ చెప్పాను.