కారు కింద నా కాపురం

నేను స్విఫ్ట్ కారు వెనక కుడి చక్రం మీది స్ప్రింగును. మా బండి ఉండేది కమ్మర్‌పల్లిలో, పసుపు పండించే ఇద్దరు అన్నదమ్ముల ఇంట్లో. బండిలో కూర్చున్నవాళ్లకు నేను కనబడను. కానీ వెనక సీట్లో అమ్మ నడుము నొప్పి లేకుండా ఊరు చేరినా, ఒళ్లో పసిపిల్ల నిద్ర చెడకున్నా అందులో నా కష్టం ఉంది.

నేను పుట్టింది ఉక్కు తీగ నుంచి. ఆ తీగను చుట్టలుగా చుట్టి, కాల్చి చల్లార్చి పదును పెట్టి, చివరికి సన్నని ఉక్కు గుళ్లతో ఒళ్లంతా కొట్టారు. ఆ దెబ్బలు తిన్నాను గనుకనే లక్షలసార్లు కుంగి లేచినా నా ఒంటి మీద పగులు పుట్టలేదు. 1678లో రాబర్ట్ హుక్ అచ్చు వేయించిన సూత్రమే నా జాతకం. ఎంత బరువు పెడితే అంత కుంగుతాను, రెట్టింపు పెడితే రెట్టింపు కుంగుతాను. తీగ మందం పదో వంతు పెరిగితే చాలు, నా గట్టిదనం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. బరువు మోసేది నేను. నా ఊపును ఆపేది పక్కనే ఉన్న షాకబ్జర్. అది లేకుంటే ఒక్క గుంతకు బండి ఎంతోసేపు ఊగుతూనే ఉంటుంది.

మా తొవ్వ 63వ నంబరు జాతీయ రహదారి. ఇటు మెట్‌పల్లి, కోరుట్ల. అటు ఆర్మూర్, నిజామాబాద్, బోధన్. పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో డిక్కీలో రెండు బస్తాల కొమ్ములు వేసుకుని నిజామాబాద్ గంజ్‌కు పోయేవాళ్లం. కార్తీక మాసంలో భీమ్‌గల్ లింబాద్రి గుట్ట జాతరకు ఇంటిల్లిపాదీ కిక్కిరిసి కూర్చునేవారు. బోధన్ దిక్కు నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, పైన వేసిన రోడ్డు ఎగుడుదిగుడవుతుంది. ఆ తొవ్వలో పోయే బండికి నేను పైకీ కిందికీ ఆడే జాగా ఉండాలి. అదే నా ఆస్తి.

తమ్ముడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడి రోడ్ల మీద నేలకు ఆనినట్టు పోయే కార్లను చూసి చూసి, మన బండి కూడా అట్లా ఉండాలని ఆశపడ్డాడు. ఆ ముచ్చటను నేను తప్పు పట్టను. అన్నను వెంటబెట్టుకుని ఆర్మూర్‌లోని షెడ్డుకు బండి తెచ్చాడు.

"అన్నా, బండి జెర కిందికి దించాలె. టైరుకు, బాడీకి నడుమ సందు మంచిగ కనిపిస్తలేదు."

"ఎంత దించాలె తమ్మీ?" అని అడిగాడు షెడ్డు ఉస్తాద్.

"రెండించులు."

షెడ్డులో పనిచేసే పిల్లగాడు వెంటనే అందుకున్నాడు. "ఉస్తాద్, ఒక చుట్ట కోస్తే అయిపాయె గద!"

ఆ మాటకు నా ఒళ్లు జలదరించింది. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "కొయ్యొద్దురా. కోసిన కొస సీట్ల సరిగ కూసోది. చక్రం గుంతల వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరుగుతది. గ్యాసుతోని కోస్తే పదును గూడ పోతది" అన్నాడు. ఆరు చుట్టల్లో ఒకటి తీసేస్తే నా గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. కానీ నా పొట్టిదనానికి అది ఏ మూలకూ చాలదు. పొట్టిగా ఉండీ బరువుకు తగ్గ గట్టిదనం ఉండేలా మొదటినుంచీ లెక్కగట్టి చుట్టిందే అసలైన లోయరింగ్ స్ప్రింగు.

తర్వాత ఉస్తాద్ టేపు తీశాడు. చక్రం నడిమధ్య నుంచి పైన బాడీ అంచు దాకా, ఖాళీ బండికి నాలుగు దిక్కులా కొలిచి గోడ మీద చాక్‌పీసుతో రాశాడు. అన్నదమ్ములతో పాటు షెడ్డులో ఉన్నవాళ్లను ఎక్కించి, డిక్కీలో బరువు పెట్టించి మళ్లీ కొలిచాడు. వెనక అంకె గబగబా తగ్గింది. నేను మిల్లీమీటరుకు 2 కిలోల చొప్పున కుంగుతాననుకోండి. నా ఒక్కదాని మీద 80 కిలోలు ఎక్కువ పడితే 40 మిల్లీమీటర్లు కిందికి పోతాను. 2.5 కిలోల స్ప్రింగైతే 32 దగ్గర ఆగుతుంది.

ఖాళీ బండికి నేలకూ పొట్టకూ నడుమ ఎడం 163 మిల్లీమీటర్లు. గట్టి స్ప్రింగుతోనే 50 దించితే 113, ఆ పైన బరువుకు 32 పోతే వెనక దిక్కు మిగిలేది 81. అదే 25 దించితే 106 మిగులుతుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో పెట్టిన కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మా ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లే. బండి నడుము దాని నెత్తి మీదికి వచ్చేసరికి నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి, పొట్ట తగలదు. ఊళ్లలో పోసిన ఇరుకు దిబ్బ సంగతి వేరు. ముందు చక్రం దిగి వెనక చక్రం ఎక్కేలోపు దాని ఎత్తంతా పొట్ట కిందే ఉంటుంది. "ఎంత దించాల్నో బండి జెప్పది తమ్మీ, తొవ్వ జెప్తది" అన్నాడు ఉస్తాద్.

ముందు చక్రాల దగ్గర మాక్‌ఫర్సన్ స్ట్రట్లలో నా అన్నలిద్దరు ఉన్నారు. అక్కడ బండిని దించితే కింది ఆర్మ్ వాలు మారుతుంది. మలుపులో బండి ఏ బిందువు ఆధారంగా ఒరుగుతుందో అది బరువు కేంద్రం కన్నా ఎక్కువ కిందికి జారుతుంది. ఆ రెంటి నడుమ దూరం పెరిగితే ఒరుగుడు కూడా పెరుగుతుంది. కిందికి దించితే మలుపుల్లో నిలకడ వస్తుందన్న మాట స్ప్రింగు తగినంత గట్టిదైతేనే నిజం. అంత గట్టి స్ప్రింగు ఊపును ఆపాలంటే షాకబ్జర్ కూడా దానికి సరిజోడు కావాలి. పాత షాకబ్జర్‌తో గట్టి స్ప్రింగును కలిపితే బండి గంతులు వేస్తుంది. కుంగుడును చివర ఆపే బంప్ స్టాపర్ దాకా మిగిలిన జాగా చూడాలి, వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. లేకుంటే టైరు ఒక అంచే అరిగిపోతుంది. కొన్ని స్ప్రింగుల్లో ఒక దిక్కు చుట్టలు దగ్గరగా ఉంటాయి. బరువుకు అవి ఒకదానికొకటి ఆనుకున్నాక మిగతావే పనిచేస్తాయి, స్ప్రింగు గట్టిపడుతుంది. ఒకరోజు ఒంటరిగా, ఒకరోజు బస్తాలతో తిరిగే మాలాంటి బండికి అటువంటివే నయం.

చట్టం సంగతి కూడా ఉస్తాద్ దాచలేదు. తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. "ఆర్టీఏ ఆఫీసుల, ఇన్సూరెన్సు వాళ్లను అడిగి కాగితం తే. గప్పుడే జాకీ పెడ్త" అన్నాడు.

అన్న గోడ మీది అంకెలను ఫోటో తీసుకున్నాడు. తమ్ముడు రెండించుల మాట వదిలేశాడు. ఆర్టీఏ, ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకుంటే 25 మిల్లీమీటర్లు దించే స్ప్రింగుల జత, దానికి తగిన షాకబ్జర్లతో సహా. లేదంటే నేనే. రెండూ నాకు సమ్మతమే. నా జాగాలోకి రేపు ఏ స్ప్రింగు వచ్చినా, ఇంటిల్లిపాదినీ, రెండు పసుపు బస్తాలనూ ఎక్కించి టేపుతో కొలిచిన తర్వాతే రావాలి.