నరం దొరికింది, ఫైలు దొరకలేదు

మా వీధి పిల్ల బీఎస్సీ నర్సింగ్ పాసై బెంగళూరులో ఉద్యోగానికి పెట్టుకుంది. ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదట. అక్కడి నర్సింగ్ కౌన్సిల్లో మళ్లీ చేయించుకోవాలి. దానికి ఇక్కడి ఎన్‌ఓసీ కావాలి. నర్సుల చదువు దేశమంతా ఒకే తీరుగా ఉండాలని 1947లోనే చట్టం చేశారు. చదువు ఒకటే, పలమనేరు దాటాక నరాలు మారతాయి కాబోలు!

ఇక ఉద్యోగమిచ్చే ఆసుపత్రి వాళ్ల ప్రశ్న:

"రెండేళ్ల అనుభవం ఉందా?"

"ఉద్యోగమిస్తే వస్తుంది సార్."

"అనుభవముంటేనే ఇస్తాం."

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు.

ఎండిన తొంభై ఏళ్ల చేతిలో ఒక్క పోటుకే నరం పట్టేసే పిల్ల, తన ఎన్‌ఓసీ ఫైలు ఏ బల్ల మీదుందో పట్టలేక మూడు వారాలుగా ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతోంది. బీపీ తనకే చూసుకుంటోంది. ప్రాక్టీసు పోకూడదుగా!