డిస్పోజల్ గ్లాసు: బయట కాగితం, లోపల ప్లాస్టిక్

పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టు మారుతోందని సైరన్ కంటే ముందు టీ బండి చెబుతుంది. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి ఫ్యాక్టరీ గేట్ల దాకా ఏ బండి మీద చూసినా డిస్పోజల్ గ్లాసుల దొంతరే. పేరుకు గ్లాసు, గాజు లేదు. పేపర్ కప్పు అందామంటే, అట్ట నానకుండా లోపల సన్నని పాలిథిన్ పొర ఉంటుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. పైకి కాగితంలా కనిపించే ఈ గ్లాసు ఆ జాబితాలోకి ఎక్కలేదు. కాగితాల మీద అంతా సవ్యంగా ఉండటం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు.

ఇలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పావుగంట ఉంచితే సుమారు 25,000 ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు తేల్చారు. ఇక్కడ టీ తాగడానికి పావుగంట ఎవరిస్తారు? ఆ మేరకు కార్మికుల ఆరోగ్యాన్ని యాజమాన్యాలే కాపాడుతున్నాయి.

అమెరికాలో లారెన్స్ లూయెల్లెన్ 1900ల తొలి దశకంలో కాగితపు కప్పు తయారుచేసింది, అందరూ ఒకే డబ్బాతో నీళ్లు తాగితే రోగాలు అంటుకుంటాయని. తెలుగు పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతిది వేరే భయం. అక్కడ అంటుకునేది కులం. పాశమైలారం బండి దగ్గర ఒడిశా, బిహార్, శ్రీకాకుళం అందరిదీ ఒకే గ్లాసు. సమానత్వమంటే ఇదే: అందరినీ ఒకేలా పారేస్తారు.

కడిగే పని లేదు, దాచే పని లేదు, నలిగితే లెక్క చెప్పే పని లేదు. కాంట్రాక్టు లేబరు మీద ఉన్న మక్కువకూ కారణాలివే. వాడేసిన గ్లాసు మురుగుకాలువలో పడుతుంది, వాన వస్తే నక్కవాగు వైపు కొట్టుకుపోతుంది. దశాబ్దాలుగా రసాయనాలు మోసి మంజీరలో కలిపిన వాగుకు ఇదొక బరువా!

కప్పు అట్టకు మూలం కలప గుజ్జు. మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడికీ అదే మూలం. ఆ పొడి తయారుచేసే ఇక్కడి కర్మాగారంలో 2025 జూన్ 30న పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు.