మా రోజుల్లో బీమ్ మెలితిరిగేది కాదు

ఏం బాబూ, ఆ మెషిన్ కింద బీమ్ సరిపోతుందని చెప్పేశావట! ఎలా తెలిసిందిరా అంటే, స్క్రీన్ మీద ఆకుపచ్చగా వచ్చిందన్నావట. మా రోజుల్లో ఆకుపచ్చగా చెట్లుండేవి. బీమ్ సంగతి తేలాలంటే స్లైడ్ రూల్ జరపాలి, ఐఎస్ఐ వాళ్లు 1964లో వేసిన సెక్షన్ల పుస్తకం తిరగెయ్యాలి, పెన్సిల్ చెక్కుకోవాలి, మధ్యలో రెండు టీలు తాగాలి. అసలు సందేహాలన్నీ ఆ టీ దగ్గరే పుట్టేవి. మీకు సందేహం పుట్టే వ్యవధి ఏదీ? బటన్ నొక్కేలోపే జవాబొచ్చి కూర్చుంటుంది.

ఆ జవాబు ఏ ప్రశ్నకో తెలుసుకున్నావా అని నా గోల. కంప్యూటర్‌కి బీమ్ అంటే ఒక గీత. దాని మీద లోడ్ పెట్టావంటే నడిమధ్యన పెట్టినట్టే. సైటులో పైపు అడ్డొచ్చిందనో, బోల్టు కలవలేదనో ఫిట్టర్ మెషిన్‌ని ఆరంగుళాలు పక్కకి జరిపితే నీ గీతకేం తెలుస్తుంది? మాకో పెద్ద ఇంజినీరుగారు ఉండేవారు. డ్రాయింగ్ చూసి ఊరుకునే రకం కాదు. దారం, గుండు, టేపు జేబులో వేసుకుని మెట్లెక్కి, మెషిన్ కాలి దగ్గర గుండు వదిలి, అది వెబ్‌కి ఎంత దూరాన పడుతుందో కొలిపించేవారు. ఎండలో నిలబడి ఆయన్ని ఎంత తిట్టుకున్నామో! అది వేరే సంగతి.

ఆరంగుళాలేగా అంటావు. పెన్సిల్ తియ్యి. ఐఎస్ఎంబీ 300, 4 మీటర్ల స్పాన్, నడుమ 2 టన్నులు. బరువు సరిగ్గా వెబ్ మీద పడితే స్ట్రెస్ చదరపు సెంటీమీటరుకు 350 కిలోలు. మేం 1650 దాకా వెళ్లేవాళ్లం కాబట్టి, అదో లెక్కే కాదు. అదే బరువు 150 మిల్లీమీటర్లు జరిగిందా, 300 కేజీ-మీటర్ల టార్షన్. దాన్ని బీమ్ లోతుతో భాగిస్తే పై ఫ్లాంజ్‌ని టన్ను పైచిలుకు ఇటూ, కింది ఫ్లాంజ్‌ని అంతే అటూ నెట్టినట్టు. 140 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ ఫ్లాంజ్ పక్కకి వంగితే స్ట్రెస్ 2500 దాటిపోతుంది. నిలువు బరువుది దీనికి అదనం. భారమంతా ఫ్లాంజ్‌లే మోస్తాయనుకుంటాం కనక ఈ లెక్క కొంచెం ఎక్కువే చూపిస్తుందిలే. అయినా కాస్త భయం పుట్టాలిగా!

ఎందుకిలా అంటావా? వెదురుబొంగుని మెలిపెట్టి చూడు, లొంగదు. నిలువునా చీల్చి మెలిపెట్టు, చేతిలో తిరిగిపోతుంది. ఐ సెక్షన్ ఆ చీలిన బొంగు బాపతు. మెలి తప్పదనుకుంటే బాక్స్ సెక్షన్ వెయ్యాలి. ఛానెల్ ఇంకా గడుసుది. దాని షియర్ సెంటర్ వెబ్ వెనకాల గాల్లో ఉంటుంది. బరువు సరిగ్గా వెబ్ మీద పెట్టినా అది తిరుగుతుంది.

మా రోజుల్లో ఈ టార్షన్ గొడవే ఉండేది కాదు. అంటే, మేమంత గొప్పవాళ్లమని కాదు, ఫ్లాంజ్‌లు అలా పక్కకి వంగే వార్పింగ్ లెక్క చూస్తే మాకూ గుండె దడే. అందుకని పక్క బీమ్ దాకా అడ్డబీమ్ ఒకటి వేసి మెషిన్‌ని దాని మీద కూర్చోబెట్టేవాళ్లం. మెలి కాస్తా వంపుగా మారేది, వంపుని లెక్కగట్టడం మాకు వచ్చు. తప్పించుకోవడమే మా విద్య. ఈ కాలపు పిల్లలకి తప్పించుకోవడం కూడా చాతకాదు!

పైగా స్టీల్ డిజైన్ కోడ్ 1984లో మారింది, 2007లో లిమిట్ స్టేట్ అంటూ మళ్లీ మారింది. కిలోలు పోయి న్యూటన్లొచ్చాయి. న్యూటన్లలో వంకాయలు ఎవడు తూచాడు? వార్పింగ్‌ని కూడా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఉందని మా మనవరాలు చూపించింది. నా లెక్క కన్నా నిఖార్సుగా ఉంది. నాకు నచ్చలేదు.

ఎంత నిఖార్సైనదైనా నువ్వు కొట్టిన అంకెనే అది నమ్ముతుంది నాయనా. పక్కదూరం సున్నా అన్నావా, సున్నాకే జవాబిస్తుంది. కాబట్టి ముందు వెళ్లి కొలుచుకురా. ఏంటీ, ఫోన్‌తో కొలుస్తావా? సరే, నీ ఖర్మ, ఫోన్‌తోనే కొలువు. కానీ మెట్లెక్కి కొలువు.