ఒక గురువుని విరగ్గొట్టిన కథ

గొప్పవాళ్ళకి బుర్ర వెలిగిన చోట్లు చూస్తే నాకు ఎప్పుడూ ఒకటే అనుమానం. వీళ్ళలో ఒక్కడైనా పుస్తకం ముందేసుకుని బల్ల దగ్గర కూర్చోలేదేం? ఆర్కిమెడీస్ నీళ్ళ తొట్టిలో ఉన్నాడు. (ఆయన బట్టల్లేకుండా వీధిలో పరిగెత్తాడని మనకి చెప్పిన విట్రూవియస్ రెండు వందల ఏళ్ళ తర్వాతివాడు. కాబట్టి బట్టల సంగతికి నేను పూచీ కాదు.) ఫ్రెంచి గణితజ్ఞుడు పాంకరే అయితే కూటాన్స్ అనే ఊళ్ళో గుర్రపు బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. తను కుస్తీ పడుతున్న ప్రమేయాల వెనకున్న లెక్కా, యూక్లిడేతర జ్యామితిలో లెక్కా ఒకటేనని అక్కడే తట్టింది. తట్టాక లోపలికెళ్ళి కూర్చుని, ఆపిన కబుర్లు మళ్ళీ మొదలుపెట్టాడట. మన బస్సులో అయితే అంతసేపు మెట్టు మీద నిలబడనిచ్చేవాళ్ళా?

గణితజ్ఞుడు హామిల్టన్‌ది మరీ విడ్డూరం. పొద్దున్నే ఫలహారానికి దిగగానే పిల్లలు "నాన్నా, ఆ మూడేసి అంకెల్ని గుణించడం వచ్చిందా?" అని అడిగేవారు. "లేదర్రా, ఇంకా కూడికలూ తీసివేతలే" అని పాపం తల అడ్డంగా ఊపేవాడు. 1843 అక్టోబర్ 16న భార్యతో కలిసి డబ్లిన్‌లో కాలవగట్టున నడుస్తుంటే, మూడు కాదు నాలుగు కావాలని తట్టింది. వెంటనే చాకు తీసి వంతెన రాతి మీద సూత్రం చెక్కేశాడు. ఆ సమయంలో పక్కన మా ఆవిడే ఉంటే ఏమనేదో నాకు తెలుసు.

నాకు వెలిగింది మంగలిషాపు కుర్చీలో. ముఖం నిండా నురగ, గడ్డం కింద కత్తి. "యురేకా" అని అరవడానికి ఇంతకన్నా పనికిరాని చోటు భూమ్మీద లేదు.

విషయం ఛందస్సు. బళ్ళో మా తెలుగు మాస్టారు నాలుగు వృత్తాలూ వరసగా వల్లె వేయించారు. ఉత్పలమాలకి భ ర న భ భ ర వ. చంపకమాలకి న జ భ జ జ జ ర. తర్వాత శార్దూలం, మత్తేభం. యతి స్థానాలు 10, 11, 13, 14. ఇవే ఎందుకండీ అంటే "నన్నయగారిని అడుగు" అన్నారు. సలహా బాగానే ఉంది కానీ ఆయన పదకొండో శతాబ్దం మనిషి. గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి అన్న ముక్క కూడా మా తెలుగు పుస్తకంలోనే ఉంది, కాకపోతే ఇంకో పాఠంలో. నా బుర్రలో ఈ రెండు పాఠాలూ ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహంగా బతికే అత్తాకోడళ్ళలా ఏళ్ళతరబడి కాపురమున్నాయి.

షాపులో ఫోనులో కృష్ణరాయబారం పద్యాలు పెట్టుకుని వింటూ పనిచేస్తున్నాడు మా మంగలి. ఒక ఉత్పలమాల అయింది. కాసేపటికి ఓ చంపకమాల ఎత్తుకున్నారు. నడక అంతా అదే, ఎత్తుగడ ఒక్కటే తేడా. అక్కడ ఒక్క దీర్ఘమైన అడుగు వేసినచోట ఇక్కడ గబగబా రెండు చిన్న అడుగులు. అంతే, ఒళ్ళు జలదరించింది.

"సార్, కదలకండి" అన్నాడు.

కదలక ఎలా? ఉత్పలమాలలో మొదటి గురువుని విరిచి రెండు లఘువులు చేస్తే చంపకమాల! 20 అక్షరాలు 21 అవుతాయి. ముందు ఒకటి ఎక్కువైంది కాబట్టి యతి 10 నుంచి 11కి జరుగుతుంది. నన్నయగారి దాకా వెళ్ళక్కర్లేదు. మూడేసి అక్షరాల చొప్పున కత్తిరించడం వల్ల గణాలన్నీ మారిపోయినట్టు కనబడతాయి కానీ, నిజానికి మారింది మొదటి అక్షరం ఒక్కటే. మిగతా పందొమ్మిదీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. సగం గడ్డంతో లేచి పరిగెడదామనిపించింది. ఎంతైనా నాకు బట్టలున్నాయి కదా.

నా కంటే ముందు ఈ దారిన పోయినవాడు సుల్తాన్. అతను చింపాంజీ. వోల్ఫ్‌గాంగ్ కోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త టెనెరిఫే దీవిలో అతని బోను బయట అరటిపండు పెట్టి, లోపల రెండు వెదురుకర్రలిచ్చాడు. దేనికదే పొట్టి. సుల్తాన్ గంట పైగా తంటాలు పడ్డాడు. కోలర్ జాలిపడి, కర్ర బోలులో వేలు దూర్చి మరీ చూపించాడు. లాభం లేదు. చివరికి విసుగెత్తి, పండుకి వీపు తిప్పి కూర్చుని కర్రలతో ఆడుకుంటుంటే రెండూ ఒక వరసలోకి వచ్చాయి. సన్నది లావుదానిలో దూర్చి, చువ్వల దగ్గరికి పరుగో పరుగు. 1917లో కోలర్ పుస్తకంలో ఇది అచ్చయింది. నాకు ఇందులో నచ్చేది పండు కాదు, ఆ పనికిరాని వేలు.

ఈ మధ్య బట్టీ అంటే అందరికీ చులకనైపోయింది. అర్థం చేసుకో, కంఠతా పట్టకు అంటారు. నేను ఒప్పుకోను. భ ర న భ భ ర వ నా నోట్లో నానకపోతే ఆ కుర్చీలో నాకు దొరికేది నున్నటి గడ్డం ఒక్కటే. సుల్తాన్‌కీ రెండు కర్రలూ చేతిలో ఉంటేనే కదా పండు దక్కింది. కాకపోతే కర్రలిచ్చి, పండు మాట ఎత్తకుండా మార్కులేసి పంపేశారే, మా మాస్టారి మీద నా ఫిర్యాదు అదొక్కటే.

ఇంటికొచ్చి పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి కాగితం మీద గీసి మరీ చూపించాను. శ్రద్ధగా విన్నది.

"నాన్నా, ఇది గైడులో ఉందా?"

"లేదమ్మా."

"అయితే పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి" అని న జ భ జ జ జ ర వల్లెవేసుకుంటూ వెళ్ళిపోయింది. కోలర్ వేలు నాకు గుర్తొచ్చింది. ఇక నేనేమీ అనలేదు.

అందుకే మీకూ మిగతాది చెప్పను. శార్దూలానికి మ స జ స త త గ, 19 అక్షరాలు. ఓ కాగితం తీసుకుని గురులఘువులు వేసి, మొదటి గురువుని విరిచి చూడండి. గడ్డం గీయించుకునేటప్పుడు మాత్రం వద్దు.