మలికిపురం రోడ్డు కంకర రాయిని

నా పుట్టిల్లు రాజానగరం వైపు కొండ. తూటా పెట్టి పేల్చారు, క్రషర్‌లో నలగ్గొట్టారు, జల్లెడ పట్టి టిప్పర్‌కెత్తారు. జొన్నాడ దగ్గర గౌతమి పాయనీ, పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయనూ దాటి మలికిపురం మండలంలో దిగాను. వెతికినా గుట్ట కనబడని ఒండ్రు నేల ఇది. ఇక్కడ రోడ్డు వెయ్యాలంటే నాలాంటి ప్రతి రాయీ పైనుంచి రావాల్సిందే. క్వారీ దగ్గర నా ధర ఒకటి, ఇక్కడ దిగేసరికి ఇంకొకటి. డీజిల్ పెరిగినప్పుడల్లా కొండకి దూరంగా ఉన్న ఊళ్లకే దెబ్బ ఎక్కువ.

రోడ్డు పక్కన కుప్పగా పడి ఉన్న రోజుల్లో కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన కాంట్రాక్టర్ని నిలదీశాడు.

"కంకర తోలేసి ఊరుకున్నారేంటండీ?"

"తారు రేటు చూశారాండీ? టెండరు వేసిన నాటికీ ఇప్పటికీ పొంతన లేదు. పాత బిల్లులే రాలేదు, కొత్త తారుకి పెట్టుబడి ఎక్కడినుంచి తెమ్మంటారండీ?"

అందులో అబద్ధం లేదు. ముడిచమురు శుద్ధి చెయ్యగా అడుగున మిగిలేదే తారు. గల్ఫ్‌లో చమురు ధర కదిలితే ఇక్కడి పనికి అయ్యే ఖర్చూ కదులుతుంది. పైగా 2022 జూలైలో ప్రభుత్వ రోడ్డు పనుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. జనం వైపు చూస్తే, 2020లోనే రాష్ట్రంలో లీటరు పెట్రోలు, డీజిల్ మీద రోడ్ల పేరుతో రూపాయి సెస్సు పడింది.

ఎట్టకేలకు తారు పడింది. రోలర్ తొక్కింది. కొన్నాళ్లు గట్టిగానే ఉన్నాం.

మా కొంప ముంచింది నీళ్లు. రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా రొయ్యల చెరువులు. పంట బోదె పూడిపోయింది, మార్జిన్లు రోడ్డు కంటే ఎత్తు పెరిగాయి. వాన నీరు పోయే దారి లేక మా మీదే నిలిచింది. ముందు వెంట్రుకంత పగులు. దాంట్లోంచి నీరు దిగి తారుకీ నాకూ ఉన్న పట్టు విడదీసింది. కింద నల్లమట్టి మెత్తబడింది. లారీ చక్రం ఎక్కిన ప్రతిసారీ పగులులోంచి బురదనీరు చిమ్మేది, దాంతో సన్నమట్టీ కొట్టుకొచ్చేది. లోపల డొల్ల పడ్డాక ముందు నా పక్క రాయి లేచిపోయింది, తర్వాత నేను.

బరువు సంగతీ చెప్పాలి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి నష్టం సుమారు 16 రెట్లవుతుందని 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన పరీక్షలు తేల్చాయి. మన దేశంలో మూడిరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి పెంచారు. రొయ్యల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ మా మీంచే పోతాయి.

2024 నవంబరు 2న ‘గుంతల రహిత ఆంధ్రప్రదేశ్’ కార్యక్రమం మొదలైంది, సుమారు 860 కోట్ల రూపాయలతో. గుంతలు పూడ్చడం మంచి పనే, చాలా ఆలస్యంగా జరిగిన పని. కానీ నీరు నిలిచే చోట పోసిన కంకర ఆ డబ్బుతో సహా మళ్లీ లేచిపోతుంది. అప్పుడు గుంత పూడిస్తే చాలదు, రోడ్డునే తిరగవేయాలి.

మలికిపురం పెద్దలారా, ఈసారి ఎస్టిమేటు రాసేటప్పుడు బోదె పూడికతీతకీ, మార్జిన్లు చెక్కడానికీ అందులోనే డబ్బు రాయించండి. రోడ్డు అంచు దాకా చెరువు తవ్వుతుంటే ఆ రోజే వెళ్లి ఆపించండి.